మనల్ని తిట్టిన మాటే ఇప్పుడు సెక్షనైంది

వేర్పాటువాదులు! ఈ మాట తెలంగాణ వాళ్లకు కొత్తది కాదు. 1969లో అన్నరు. 2001 తర్వాత పదమూడేండ్లు అన్నరు. అసెంబ్లీలో అన్నరు, పత్రికల్లో హెడ్డింగులు పెట్టిండ్రు, టీవీ చర్చల్లో పక్కన కూసోబెట్టుకొని మరీ అన్నరు. సొంత రాష్ట్రం కావాలె అని అడిగినోన్ని దేశాన్ని ముక్కలు చేసేటోని లెక్క చూపెట్టడానికి ఆ ఒక్క మాట సరిపోయేది. మనం జవాబు చెప్పీ చెప్పీ అలసినం. మేం వేరుపడతమన్నది ఒక రాష్ట్రం నుంచి, దేశం నుంచి కాదు అన్నం. రాజ్యాంగంలోని మూడో అధికరణం చూపిన దారిలోనే అడుగుతున్నం అన్నం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇగ ఆ మాటతోని పని అయిపోయిందనుకున్నం.

అయిపోలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 152వ సెక్షన్ ఒకసారి చదవండి. దేశం నుంచి విడిపోవడాన్ని, సాయుధ తిరుగుబాటును, విధ్వంసక కార్యకలాపాలను రెచ్చగొట్టడం నేరం అన్నది. అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. ఆ పక్కనే ఇంకో ముక్క ఉన్నది. 'వేర్పాటువాద కార్యకలాపాల భావనలను ప్రోత్సహించడం' కూడా నేరమేనట. మాటతోని ప్రోత్సహించినా, రాతతోని ప్రోత్సహించినా, సైగతోని, బొమ్మతోని, ఎలక్ట్రానిక్ పద్ధతిలో, ఆఖరికి ఆర్థిక సాధనంతోని ప్రోత్సహించినా శిక్ష ఒక్కటే. యావజ్జీవం, లేదా ఏడేండ్ల దాకా జైలు, పైన జరిమానా.

వేర్పాటువాదం అంటే ఏంది? సెక్షన్ చెప్పలేదు. దేశం నుంచి వేరుపడటమా, రాష్ట్రం నుంచి వేరుపడటమా? చెప్పలేదు. విడిపోవడం అన్న మాట ఒకటి అదే వాక్యంలో ముందే ఉన్నప్పుడు, దాని పక్కన వేర్పాటువాదం అని ఇంకోటి ఎందుకు పెట్టినట్టు? రెండింటికీ అర్థం ఒక్కటే అయితే రెండో మాట అక్కర లేదు. అర్థం వేరే అయితే ఆ వేరే అర్థం ఏందో చెప్పాలె. చెప్పకుండా వదిలిపెడితే అర్థం చెప్పేది ఎవరు? మండల కేంద్రంలో ఉన్న ఎస్సై చెప్తడు. ఆ ఎస్సైకి ఫోన్ చేసే లీడర్ చెప్తడు.

ఈ సంగతి దేశంలో వేరేవాళ్లకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టొచ్చు. మనకు పట్టొద్దు. ఆ పేరు మోసిన జాతి మనది. ఈ సెక్షన్ 2009లోనే ఉండి ఉంటే ఏమయ్యేది? ఉస్మానియా క్యాంపస్‌లో గోడమీద రాసిన పోరడు నేరస్తుడు. ధూంధాం మీద గజ్జె కట్టి ఆడిన కళాకారుడు నేరస్తుడు. సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం వదులుకున్న ఉద్యోగి నేరస్తుడు. ఆర్థిక సాధనం అన్న మాట ఉన్నది గదా, ఊర్లె ఉద్యమం కోసం పది రూపాయల చందా రాసిన ముసలవ్వ కూడా నేరస్తురాలే. ఇవన్నీ 'వేర్పాటువాద భావనలను ప్రోత్సహించడమే' అని ఆనాటి పాలకులు అనేటోళ్లా కాదా? వాళ్లు అన్నదే ఆ మాట. అప్పుడు వాళ్లకు ఆ మాట ఉన్నది, సెక్షన్ లేదు. ఇప్పుడు సెక్షన్ కూడా ఉన్నది.

దీనికి ఢిల్లీ పెద్దలు చెప్పే జవాబు తెలుసు. బ్రిటిషోని రాజద్రోహ చట్టాన్ని మేమే ఎత్తేసినం అని 2023 ఆగస్టులో పార్లమెంటులో బిల్లు పెట్టేటప్పుడు హోం మంత్రి అమిత్ షా చెప్పిండు. నిజమే, కొత్త సంహితలో రాజద్రోహం అన్న మాట లేదు. 1870లో వచ్చి, తిలక్‌ను, గాంధీని జైలుకు పంపిన 124ఎ పేరు పోయింది. పాత సెక్షన్‌లో యావజ్జీవం, లేదా మూడేండ్ల దాకా జైలు ఉండేది. కొత్తదాంట్లో మూడు ఏడైంది. పేరు తీసి శిక్ష పెంచిండ్రు.

ఇంకో జవాబు కూడా చెప్తరు. సెక్షన్ కింద వివరణ ఉన్నది, ప్రభుత్వ చర్యలను చట్టబద్ధంగా మార్చుకోవడానికి విమర్శిస్తే నేరం కాదని రాసిండ్రు అంటరు. ఈ వాదాన్ని తీసిపారేయొద్దు, అది కాగితం మీద ఉన్నది. కానీ విమర్శించొచ్చు అంటూనే, పైన చెప్పిన కార్యకలాపాలను రెచ్చగొట్టకుండా విమర్శించాలె అని మెలిక పెట్టిండ్రు. పైన చెప్పినదాంట్లో వేర్పాటువాదం ఉన్నది. మళ్లీ మొదటికే వచ్చినం. పైగా ఈ వివరణ పనికొచ్చేది కోర్టులో. మనిషిని ఎత్తుకపోయేది ఇంటికాడ. సెక్షన్ నాన్‌బెయిలబుల్. వారెంటు లేకుండా పట్టుకపోవచ్చు. రెండేండ్లకో ఐదేండ్లకో జడ్జి 'ఇది వివరణలోకి వస్తది, పో' అంటే పోయిన ఉద్యోగం వస్తదా? ఆగిన చదువు వస్తదా?

పాత చట్టానికి కోర్టులు ముకుతాడు వేయడానికి చాలా ఏండ్లు పట్టింది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజద్రోహ సెక్షన్‌ను ఉంచింది గానీ, హింసకో అశాంతికో పురిగొల్పితే తప్ప ఉత్త మాట నేరం కాదన్నది. 1995లో బల్వంత్ సింగ్ కేసులో ఇంకో అడుగు ముందుకు పోయింది. ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజు సినిమా హాలు ముంగట ఖలిస్తాన్ జిందాబాద్ అని ఒకటి రెండుసార్లు అరిచినంత మాత్రాన రాజద్రోహం కాదని కొట్టేసింది. వేరే దేశం కావాలన్న నినాదానికే అంత రక్షణ దొరికింది. 2022 మే 11న సుప్రీంకోర్టు రాజద్రోహ సెక్షన్‌నే పక్కన పెట్టింది, కొత్త కేసులు పెట్టొద్దన్నది. ఇంత కష్టపడి కట్టిన కట్ట ఇది. రెండేండ్లు తిరగకముందే పార్లమెంటు కట్టకు పక్కనుంచి కొత్త కాలువ తవ్వింది. కొత్త సెక్షన్‌లో హింస అన్న షరతు లేదు, 'భావనలను ప్రోత్సహించడం' చాలు. పాత తీర్పులు దీనికి వర్తిస్తయా లేదా అని మళ్లీ మొదటి మెట్టు నుంచి కొట్లాడాలె.

ఇది ఇవ్వాళ మొదలైన తంతు కాదు. 1950లో మద్రాసు ప్రభుత్వం క్రాస్‌రోడ్స్ పత్రికను తన రాష్ట్రంలోకి రానియ్యకపోతే, రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదన్నది. ఏడాది తిరిగేసరికి మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, వాక్ స్వాతంత్ర్యం మీద పెట్టగలిగే ఆంక్షల్లో శాంతిభద్రతల (పబ్లిక్ ఆర్డర్) పేరు చేరింది. సహేతుకమైన ఆంక్షలే అన్న మాట కూడా అప్పుడే చేరింది కాబట్టి కొంత నయం. 1963లో ద్రవిడనాడు డిమాండ్ నడుస్తున్నప్పుడు పదహారో సవరణ తెచ్చి దేశ సార్వభౌమత్వం, సమగ్రత అన్న కారణాన్ని కూడా చేర్చిండ్రు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా పోలీస్ స్టేషన్లలో దాని కింద కేసులు రాస్తూనే ఉన్నరని 2021లో అదే కోర్టు ఆశ్చర్యపోవాల్సి వచ్చింది. చచ్చిన సెక్షన్ కూడా ఠాణాలో బతికే ఉంటది. మరి బతికున్న సెక్షన్ సంగతేంది?

ఊహించి భయపెడుతున్నరని అనుకోవద్దు. 2025 మే 18న హర్యానా పోలీసులు అశోకా యూనివర్సిటీ ప్రొఫెసర్ అలీఖాన్ మహ్మూదాబాద్‌ను అరెస్టు చేసిండ్రు. ఫేస్‌బుక్‌లో రాసినదానికి పెట్టిన సెక్షన్లలో 152 ఒకటి. మూడు రోజులకు సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది, దాంతోపాటు ఆ విషయం మీద రాయొద్దు, మాట్లాడొద్దు అని షరతు కూడా పెట్టింది. మనిషి బయటికి వచ్చిండు, నోరు లోపలే ఉండిపోయింది. 2024 డిసెంబర్‌లో రాజస్థాన్ హైకోర్టు ఈ సెక్షన్‌ను న్యాయమైన అసమ్మతి మీద కత్తిలా వాడొద్దని హెచ్చరించింది. 2025 ఆగస్టులో ఈ సెక్షన్ చెల్లుబాటును ప్రశ్నిస్తూ వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది.

అన్నిటికంటే మనకు దగ్గరి సంగతి లద్దాఖ్‌ది. 2019లో జమ్మూకశ్మీర్ నుంచి విడదీసి కేంద్రపాలిత ప్రాంతం చేసిన ఆ నేల, మాకు రాష్ట్ర హోదా కావాలె, ఆరో షెడ్యూల్ కావాలె అని అడుగుతున్నది. 2025 సెప్టెంబర్ 24న లేహ్‌లో గొడవ జరిగింది, కాల్పుల్లో నలుగురు చచ్చిపోయిండ్రు. రెండు రోజులకు సోనమ్ వాంగ్‌చుక్‌ను జాతీయ భద్రతా చట్టం కింద నిర్బంధించి ఎక్కడో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జైలుకు పంపిండ్రు. అది విచారణ లేకుండా ఏడాది దాకా లోపల ఉంచే చట్టం. రాష్ట్రం అడిగినోన్ని దేశభద్రత పేరుమీద పట్టుకపోయి, వందల మైళ్ల అవతల పడేయడం తెలంగాణ చూడని సినిమానా? 1969లో మన నాయకులను కూడా ముందస్తు నిర్బంధ చట్టం కిందనే తీసుకపోయిండ్రు. 2009 నవంబర్ 29న కేసీఆర్‌ను నిరాహార దీక్షకు కూసోకముందే కరీంనగర్ దగ్గర పట్టుకొని ఖమ్మం జైలుకు పంపిండ్రు. చట్టం పేరు మారింది, లెక్క మారలేదు.

మన నోరు మూయించడానికి అప్పట్లో ఎన్ని దారులు తొక్కిండ్రో కొత్త తరానికి చెప్పాలె. ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీలో తెలంగాణ అన్న మాట అనొద్దు, వెనుకబడిన ప్రాంతం అనాలె అని స్పీకర్ స్థానం నుంచే వచ్చింది. 1999లో భువనగిరిల బెల్లి లలితను ముక్కలు చేసిండ్రు. పాట పాడుడే ఆమె చేసిన నేరం. పౌరహక్కుల సంఘం నాయకులు డాక్టర్ రామనాథంను 1985లో వరంగల్‌లో, పురుషోత్తంను 2000లో హైదరాబాద్‌లో, ఆజం అలీని 2001లో నల్లగొండలో చంపిండ్రు. వీటికి ఏ సెక్షనూ అక్కరకు రాలేదు. శ్రీకృష్ణ కమిటీ ఎనిమిదో అధ్యాయాన్ని సీల్డ్ కవర్లో దాచింది. 2011 మార్చి 23న హైకోర్టులో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి దాన్ని బయటపెట్టమని తీర్పు చెప్పినప్పుడు గదా, ఉద్యమాన్ని అణచడానికి మీడియాను ఎట్ల దారికి తెచ్చుకోవాలె అన్న సలహా కూడా అందులో ఉన్నదని జనానికి తెలిసింది. పేపర్లో ఏం రావాలె, ఏం రావొద్దు అన్నది కూడా శాంతిభద్రతల అధ్యాయంలోనే రాసుకున్నరు.

ఇంత చెప్పి, మన ఇంటి సంగతి దాచిపెడితే అన్యాయం. ఆంధ్ర పాలకులు పోయిండ్రు, మనోళ్లు వచ్చిండ్రు. మాట్లాడే హక్కు ఏమైంది? 2014 సెప్టెంబర్ 9న, కాళోజీ శతజయంతి నాడు, కాళోజీ పుట్టిన దినం నాడు, వరంగల్ గడ్డమీద నిలబడి మీడియాను పాతరేస్తమని ముఖ్యమంత్రి అన్నడు. 2017లో ఇందిరాపార్కు ధర్నాచౌక్‌ను మూసిండ్రు. ఆ చౌక్‌ల కూసునే రాష్ట్రం సాధించుకున్నం. 2018 నవంబర్‌లో హైకోర్టు చెప్తే గాని మళ్లీ టెంటు పడలేదు. 2021లో 1992 నాటి ప్రజా భద్రతా చట్టం కింద విరసం, పౌరహక్కుల సంఘం సహా 16 సంఘాలను నిషేధిస్తూ జీవో ఇచ్చిండ్రు. అందులో గద్దర్ ముందుండి పెట్టిన తెలంగాణ ప్రజాఫ్రంట్ కూడా ఉన్నది. తెలంగాణ కోసం పెట్టిన సంఘాన్ని తెలంగాణ ప్రభుత్వమే నిషేధించింది! కోర్టులో కేసులు పడ్డంక ఆ జీవోను వెనక్కి తీసుకున్నరు. 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయి ఠాణాలో 152 మంది మీద ఉపా కేసు రాసిండ్రు. అందులో ప్రొఫెసర్ హరగోపాల్ పేరున్నది, రెండేండ్ల కిందనే చనిపోయిన మాజీ న్యాయమూర్తి హెచ్. సురేశ్ పేరూ ఉన్నది. పది నెలలు ఆ కాగితం ఎవరికీ తెలువకుండా ఉన్నది. 2023 జూన్‌లో బయటపడి దేశమంతా నవ్వినంక కేసు ఎత్తేయమని ముఖ్యమంత్రి ఆదేశించిండు.

2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. ప్రగతి భవన్ ముంగట ఇనుప కంచెలు తీసేసిండ్రు, ఆరు గ్యారంటీలకు తోడు ప్రజాస్వామ్యం ఏడో గ్యారంటీ అన్నరు. జనం సంతోషపడ్డరు. 2025 మార్చిలో ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో పెట్టినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లారకముందే పట్టుకపోయిండ్రు. వాళ్లకు బెయిలు దొరికింది. ఆ రైతు తిట్టు బాగుండకపోవచ్చు. రైతు బాధకు భాష నేర్పే పని పోలీసులది కాదు. తిట్టు పరువు తీసిందంటే పరువు నష్టం దావా ఉన్నది, మెజిస్ట్రేట్ ఉన్నడు. తెల్లవారుజామున జీపు ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు కోర్టే చెప్పింది. 2025 సెప్టెంబర్‌లో, ప్రభుత్వాన్ని విమర్శిస్తూ ఎక్స్‌లో రాసినందుకు ఒక మనిషి మీద పెట్టిన మూడు కేసులను తెలంగాణ హైకోర్టు కొట్టేసి, పోలీసులకు నియమాలు పెట్టింది. రాజకీయ విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా, హింసకు పురిగొల్పితే తప్ప యాంత్రికంగా కేసు రాయొద్దన్నది. పరువు నష్టం పోలీసులు నేరుగా కేసు రాసే నేరం కాదు, ఫిర్యాదిని మెజిస్ట్రేట్ దగ్గరికి పంపాలె అన్నది. నొచ్చుకున్న మనిషి కాకుండా ఇంకెవరో వచ్చి ఫిర్యాదు ఇస్తే ముందు వాళ్లకు ఆ హక్కు ఉన్నదా చూడాలె అన్నది. మన దగ్గర సగం కేసులకు మూలం ఇదే. నాయకునికి కోపం రాకముందే అనుచరునికి వస్తది.

అదే ఏడాది మార్చి 28న సుప్రీంకోర్టు కూడా ఒక కవితను పోస్టు చేసినందుకు ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును కొట్టేసింది. మాట, రాత మీద ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ రాయకముందు 173వ సెక్షన్ మూడో క్లాజు కింద ప్రాథమిక విచారణ చేయడం మంచిదన్నది. మంచి తీర్పు. కానీ ఆ క్లాజులో ఒక కిటుకు ఉన్నది. మూడేండ్ల నుంచి ఏడేండ్ల లోపు శిక్ష పడే నేరాలకే ఆ విచారణ వెసులుబాటు. 152కు శిక్ష యావజ్జీవం. అంటే చిన్న సెక్షన్ పెడితే ముందు విచారిస్తరు, పెద్ద సెక్షన్ పెడితే ఆ వడపోత కూడా లేదు. మాట్లాడినోన్ని లోపల వెయ్యాలనుకునే ఆఫీసరు ఏ సెక్షన్ పెడ్తడో వేరే చెప్పాల్నా?

అందుకే అడుగుతున్నం. ముందుగాల, 152 నుంచి వేర్పాటువాదం అన్న ముక్కను తీసేయాలె. తీసేయకపోతే, రాజ్యాంగంలోని మూడో అధికరణం కింద కొత్త రాష్ట్రం అడగడం, సరిహద్దు మార్పు అడగడం, స్వయం పాలన అడగడం ఈ సెక్షన్ కిందికి రాదని నోరు తెరిచి రాయాలె. హింసకు పురిగొల్పితేనే నేరం అన్న షరతు సెక్షన్‌లోనే ఉండాలె, తీర్పుల్లో వెతుక్కునేటట్టు కాదు. రెండోది, హైకోర్టు పెట్టిన నియమాలను తెలుగులో అచ్చువేసి రాష్ట్రంలో ప్రతి ఠాణా గోడకు అంటించాలె. ఎస్సైకీ తెలియాలె, ఫిర్యాదు పట్టుకొని వచ్చే అనుచరునికీ తెలియాలె. మూడోది, సంఘాలను ఒక్క జీవోతో నిషేధించే ప్రజా భద్రతా చట్టం తెలంగాణకు వారసత్వంగా వచ్చిన ఆస్తి కాదు, అప్పు. దాన్ని రద్దు చేయాలె.

ఢిల్లీ చట్టం, మనమేం చేస్తం అని రాష్ట్ర ప్రభుత్వం తప్పించుకోవద్దు. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలో ఉన్నది. శాసనసభ సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపొచ్చు, 254వ అధికరణం ఆ దారి చూపింది. ఆమోదం రాదంటరా? రాకపోతే రాలేదు, ఎవరు ఆపిండ్రో జనానికి తెలుస్తది. తీర్మానం చేయడానికైతే ఎవరి ఆమోదమూ అక్కర లేదు. అధికారంలో ఉన్నోళ్లు, నిన్న ఉండి పోయినోళ్లు, రేపు వస్తమంటున్నోళ్లు ముగ్గురూ ఉద్యమంలో మేమున్నం అంటే మేమున్నం అని చెప్పుకుంటున్నరు. అయితే ముగ్గురినీ ఒకప్పుడు ఆ మాటతోనే తిట్టి ఉండాలె గదా. తెలంగాణ అన్న మాట అనొద్దని చెప్పిన అసెంబ్లీకి వారసులుగా కూసున్నోళ్లు, వేర్పాటువాదం అన్న మాటను సెక్షన్ నుంచి తీసేయమని వచ్చే సమావేశాల్లో ఒక్క తీర్మానం పెట్టాలె. ఎవరు చేయెత్తుతరో, ఎవరు తల దించుకుంటరో పేరు పేరునా రాసిపెడదాం.